సుఖదుఃఖములు: నల్లగొండ, పాలమూరు సీమల క్రైస్తవ సంఘముల చరిత్రమునుండి యొక పాఠము

లోకమున సుఖదుఃఖములు రాని యిల్లు లేదు. ఒక యింట తొట్టె కట్టిన దినముననే పొరుగింట పాడె కట్టుదురు. వాన కురిసిన యేడు నవ్విన రైతు వాన తప్పిన యేడు తల పట్టుకొని కూర్చుండును. సుఖము వచ్చినపుడు అది యేల వచ్చెనని యడుగువారు తక్కువ. దుఃఖము వచ్చినపుడు మాత్రము ప్రతివాడును ఆ ప్రశ్న యడుగును. దానికి ప్రతి మతమును ఒక ప్రత్యుత్తరము చెప్పినది. క్రైస్తవమతము చెప్పిన ప్రత్యుత్తరమేది, దానిని మన దేశపు బీదజనులు తమ దినదిన జీవితమున నెట్లు పరీక్షించి చూచిరి అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఇందులకై మేము సిద్ధాంతగ్రంథములను గాక ఒక సీమయొక్క చరిత్రమును ఆధారముగా గొనుచున్నాము. అది తెలంగాణమునకు దక్షిణభాగమున నున్న నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చరిత్రము. మేమును క్రైస్తవులమే, కావున మావారి గుణములను చెప్పునపుడు హద్దు మీఱకయు, దోషములను చెప్పునపుడు దాచకయు వ్రాయుట ధర్మమని యెంచితిమి.

ముందుగా సీమను గూర్చి రెండు మాటలు. 2016లో చిన్న జిల్లాలుగా విభజింపబడక పూర్వము ఈ రెండు జిల్లాలును చాలవఱకు కృష్ణానదికి ఉత్తరమున విశాలమైన మెట్టప్రాంతముగా నుండెను. ఎటు చూచినను గుండ్లగుట్టలు, నడుమ నెఱ్ఱని చల్క నేలలు, పల్లమున్నచోట చెఱువు. కృష్ణ దిగువను లోతున పాఱునేగాని, 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలువఱకు ఆ నదివలన నల్లగొండ పొలములకు గలిగిన మేలు స్వల్పము. జొన్నయు, సజ్జయు, ఆముదమును వానను నమ్ముకొని పండవలసినవే. నిజాము ప్రభుత్వము క్రింద కొంత నేల గద్వాల, వనపర్తి మొదలగు సంస్థానములది; కొంత జాగీరుదారులది; తక్కినచోట్ల దేశముఖుల పెత్తనము. ఊరి చివర మాలపల్లె, మాదిగగూడెము. అచ్చటివారు దొర గడీకి వెట్టి చేయవలెను. పెండ్లికో కరవుకో అప్పు పుచ్చుకొన్నవాడు అది తీఱువఱకు దొరయింట జీతముండవలెను. దీనికి భగేలా యని పేరు. అప్పు తండ్రితో తీఱక కొడుకునకు దిగెడిది. అట్టివాని యింట సుఖమనగా వాన పడుట, బిడ్డ బ్రదుకుట, ఆ దినమున గడీనుండి పిలుపు రాకపోవుట. దుఃఖమనగా మసూచి, కలరా, కరవు, అప్పు. క్రైస్తవమతము వచ్చి తలుపు తట్టినది ముఖ్యముగా నీ యిండ్లనే.

అది వచ్చిన త్రోవయు దుఃఖపు త్రోవయే. 1876–78 నాటి ధాతు కరవున ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని, ఆకలిగొన్న జనులకు ఉచితముగా గంజి పోయుటకు మాఱుగా పనియు కూలియు నిచ్చెను. కరవు సాగినంతకాలము ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. కూటికొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని ఆయన యుద్దేశము. కరవు తగ్గిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ వార్త కృష్ణ దాటి నిజాము రాజ్యమునకు వచ్చెను. 1885లో అమెరికను బాప్తిస్టు మిషనువారైన ఎల్బర్టు చూట్ దొరగారు పాలమూరున నివాసమేర్పఱచుకొనిరి. ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను పేర ఆ పట్టణమునకు మహబూబునగరమను నామము 1890లో వచ్చినది. ఆ 1890లోనే రష్యానుండి వచ్చిన అబ్రహాము ఫ్రీసెన్, ఆయన భార్య మరియా నల్లగొండలో స్థిరపడిరి.

రష్యా యెక్కడ, నల్లగొండ యెక్కడ యని చదువరులు శంకింపవచ్చును. ఫ్రీసెన్ దంపతులు మెన్నొనైటు బ్రదరన్ అను సంఘమువారు. పదునాఱవ శతాబ్దమున హాలండు దేశపు మెన్నో సైమన్సు అను గురువు పేర మెన్నొనైటులు ప్రసిద్ధులైరి. పెద్దవారై తెలిసి నమ్మినవారికే బాప్తిస్మము, ఎవరిమీదను కత్తి యెత్తరాదు అనునవి వారి ముఖ్యనియమములు. ఈ రెండు నియమములకొఱకు వారిలో ననేకులు నీట ముంపబడిరి, నిప్పున గాల్పబడిరి. పిమ్మట ప్రష్యాకును, పదునెనిమిదవ శతాబ్దాంతమునుండి దక్షిణ రష్యాకును వలసపోయి గోధుమ పండించుకొనుచుండిరి. 1860లో వారిలో నొక భాగము బ్రదరన్ సంఘముగా నేర్పడెను. అమెరికాకు వలసపోయిన యీ శాఖవారే 1899లో ఎన్. ఎన్. హీబర్టు దంపతులను పంపిరి. వారు వ్యాధిచే రెండేండ్లకే మరలి పోవలసివచ్చినను, వెనుక వచ్చినవారు నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, శంషాబాదులలో స్థానములు కట్టిరి. 1937లో బాప్తిస్టులు పాలమూరు, గద్వాల క్షేత్రములను వీరికే యొప్పగించిరి.

ఇట్లు వచ్చినవారు దుఃఖమును గూర్చి యేమి చెప్పిరి? అంతకుముందు పల్లెవాడు దుఃఖకారణమును గూర్చి వినినవి మూడు మాటలు. పూర్వజన్మ కర్మమని పెద్దలు చెప్పిరి. నొసటివ్రాత యని తల్లి చెప్పెను. అమ్మవారికి కోపము వచ్చెనని శివసత్తి చెప్పెను. ఈ మూటియందును ఊఱట లేకపోలేదు. ఏ కారణమును లేదనుటకంటె ఏదో కారణము కలదనుట మనసునకు కొంత నెమ్మదినిచ్చును. కాని యందు మొదటి మాటకొక ముల్లు గలదు. నీవు మాదిగవై పుట్టుటయే నీ పాపమునకు శిక్ష యని చెప్పినచో, వానికి దుఃఖముతోబాటు సిగ్గును మోపినట్లగును. పుట్టుగ్రుడ్డివానిని చూపి, వీడు చేసిన పాపమా, వీని తలిదండ్రులు చేసిన పాపమా యని శిష్యులు అడుగగా, క్రీస్తు రెండును గాదని చెప్పిన కథ యోహాను సువార్తయందున్నది. యోబు గ్రంథమంతయు ఈ విషయముపై సాగిన వాదమే. మంచివాడు బాధపడవచ్చును, బాధ పాపమునకు గుఱుతు గాదు. చదువుకొన్న వారికిది వేదాంతపు సూక్ష్మముగా దోచవచ్చును. వెట్టివానికి మాత్రము నడుము నిటారుగా జేసిన మాట యిది.

రెండవ మాట యింతకంటె సులభమైనది. స్నేహితుడు చనిపోయినపుడు క్రీస్తు అతని సమాధియొద్ద కన్నీరు విడిచెను. కానా అను నూరి పెండ్లిలో ద్రాక్షారసము చాలకపోగా ఆ యింటివారి పరువు కాపాడెను. అనగా దేవుడు ఏడ్చు నింటికిని వచ్చును, నవ్వు నింటికిని వచ్చును. సుఖదుఃఖములను సమముగా నెంచి రెంటికిని అతీతుడు గావలెనని మన గీతాశాస్త్రము బోధించును. అది గంభీరమైన బోధ. క్రైస్తవబోధ మఱియొక దారి. ఏడ్వవలసినచోట ఏడ్వుము, సంతోషింపవలసినచోట సంతోషింపుము. కాని యొంటరిగా జేయకుము అని దాని తాత్పర్యము. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో సంతోషించువారితోను దుఃఖించువారితోను కూడి యుండుడని యుపదేశించెను. అతడే ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ ఆద్యంతము ఆనందమును గూర్చినది. దానిని వ్రాసినది చెఱసాలలో.

ఈ బోధ చెప్పుటకు వచ్చినవారు దుఃఖమెఱుగనివారు కారు. 1917లో రష్యాలో విప్లవము వచ్చెను, వెనువెంటనే అంతర్యుద్ధము, 1921–22లో ఘోరమైన కరవు. నల్లగొండ సంఘములకు అంతవఱకు ద్రవ్యము పంపుచుండిన ఆ గోధుమపొలముల రైతులే రొట్టెముక్కకు ముఖము వాచిరి. వారి కన్నము పెట్టుటకై అమెరికాలోని మెన్నొనైటులు 1920లో ఒక సహాయసంఘమును నెలకొల్పవలసివచ్చెను. దాతలు యాచకులైరి. చల్క నేలల కరవును మాన్ప బూనినవారికి నల్లరేగడివంటి తమ నేలలోనే కరవు వచ్చెను. బాధ పాపమునకు శిక్ష యగునేని, ఆ దినములలో నల్లగొండకంటె మోలోచ్నా కాలనీలే యెక్కువ పాపము చేసినవని చెప్పవలసి యుండును. అట్లు చెప్పుట కెవ్వరి నోరును రాదు. రష్యాలో పుట్టి అమెరికాలో పెరిగిన కేథరీన్ షెల్లెన్‌బర్గు అను వైద్యురాలు 1907లో మన దేశమునకు వచ్చి, హైదరాబాదునుండి పాలమూరు పోవు త్రోవలోని శంషాబాదులో బహుకాలము రోగులకు పరిచర్య చేసి, 1945లో కన్నుమూసెను. ఇట్టివారు చెప్పిన ఓదార్పు మాటలకు విలువ యెక్కడనుండి వచ్చెనో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక మా చరిత్రలో మిక్కిలి తలపోయదగిన యొక సంఘటనము. పాల్ హీబర్టు అను పండితుడు 1932లో శంషాబాదులోనే జన్మించెను, మిషనరీల బిడ్డ. తరువాత ఆయన మానవశాస్త్రజ్ఞుడై, మహబూబునగరు జిల్లాలోని యొక పల్లెయొక్క కులవ్యవస్థను పరిశీలించి, 1971లో ‘కొండూరు’ అను గ్రంథమును ప్రకటించెను, 2007లో మరణించెను. ఆయన తాను బోధకుడుగా నుండిన కాలపు వృత్తాంతమొకటి వ్రాసియున్నాడు. ఒక పల్లెలో మసూచి వచ్చెను. మైసమ్మకు కోపము వచ్చినదనియు, దున్నపోతును బలి యీయవలెననియు ఊరివారు నిశ్చయించి, ఇంటింటికి చందా వేసిరి. క్రైస్తవుల యిండ్లు కొన్నియే. వారు చందా యీయమనిరి. ఊరివారికి కోపము వచ్చెను. నీరు తోడుకొనుటకును, సరకు కొనుటకును ఆటంకములు కలిగెను. అంతలో క్రైస్తవుల బిడ్డయొకతెకే మసూచి సోకెను. సంఘపు పెద్ద హీబర్టుగారియొద్దకు వచ్చి ప్రార్థింపుమని వేడెను. ప్రార్థించిరి. ఊరంతయు ఏమగునో యని చూచుచుండెను. బిడ్డ చనిపోయెను.

హీబర్టుగారు తాము ఓడిపోయితిమని క్రుంగిపోయిరి. వారము దినములకు ఆ పెద్ద మరల వచ్చెను. అతని ముఖమున దైన్యము లేదు. ఇదేమని యడుగగా అతడు చెప్పిన దాని సారమిది: బిడ్డ బ్రదికియుండినచో ఊరివారు మన దేవుని శక్తిని ఒప్పుకొనెడివారే; అయినను ఆ బిడ్డయు ఏనాటికైనను మరణింపవలసినదే యని వారికిని దెలియును. మేము పాతిపెట్టునపుడు మరల కలిసికొందుమను నిరీక్షణతో చేసిన యారాధనను వారు చూచిరి. మరణమునకుగూడ భయపడనిది యేదో వీరియొద్ద నున్నదని యిప్పుడు మా యొద్దకు వచ్చి యడుగుచున్నారు. పండితుడైన బోధకునికి తోచని సంగతి పల్లెపెద్దకు తోచినది. మహిమ చేసి చూపు దేవుడు కావలెనని బోధకుడు కోరెను. ఏడ్పులో విడువని దేవుడు చాలునని పల్లెపెద్ద కనుగొనెను.

ఈ కథను మేము మతముల నడుమ గెలుపోటములుగా చెప్పుట లేదు. ఊరంతయు చందా వేసికొని, డప్పు కొట్టించి, బోనమెత్తి అమ్మవారిని శాంతింపజేయుటయు దుఃఖమును పంచుకొనుటయే. ఒక యింటి జ్వరమును ఊరి జ్వరముగా నెంచుటయే. దానిలోని మంచిని చూడనివాడు పల్లెను చూడనివాడు. హీబర్టుగారే 1982లో ప్రకటించిన యొక వ్యాసమున పాశ్చాత్య బోధకుల లోపమును విమర్శించిరి. వారు పరలోకమును గూర్చి చెప్పుదురు. ఇహలోకమును గూర్చి శాస్త్రము చెప్పుదురు. ఈ రెంటికిని నడుమ నుండు దినదిన భయములను, అనగా బిడ్డ యేల జ్వరపడెను, వాన యేల తప్పెను, దిష్టి తగిలెనా యను ప్రశ్నలను అజ్ఞానమని కొట్టివేయుదురు. పల్లెవాడు ఆదివారము గుడికి వచ్చి, జ్వరము వచ్చిన మంగళవారము మంత్రగాని యింటికి పోవుటకు కారణమిదియే యని ఆయన మతము. మేమీ విమర్శను పూర్తిగా నంగీకరించుచున్నాము. మనుష్యుని సుఖదుఃఖములు ముఖ్యముగా ఈ నడిమి యింటనే కాపురముండును.

అట్లయినచో మసూచిని బోగొట్టినదెవరు? బలియును గాదు; వట్టి ప్రార్థనయును గాదు. ఇంటింటికి తిరిగి టీకాలు వేసినవారు, వారిని పంపిన ప్రభుత్వములు. మన దేశమున చివరి మసూచి కేసు 1975లో కనబడెను. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ వ్యాధి భూమిపై లేదని ప్రకటించెను. ఆ పల్లెలోని బిడ్డవంటి బిడ్డ యిప్పుడు మసూచిచే చావదు. దీనివలన మాకు దోచునదేమనగా, దుఃఖమునందు రెండు పనులు గలవు. ఏడ్చువానితో కూర్చుండుట యొకటి. ఆ యేడ్పునకు కారణమును వెదకి తొలగించుట రెండవది. మొదటిది చేసి రెండవది మఱచినచో ఓదార్పు మత్తుమందగును. రెండవది చేసి మొదటిది మఱచినచో వైద్యము యంత్రమగును. షెల్లెన్‌బర్గు వైద్యురాలు రెంటిని గలిపి చేసిన కారణముననే జనులు ఆమెను మఱువలేదు.

మొదటి పనిని మా సంఘములు కొంతవఱకు బాగుగానే చేసినవి. కీడు జరిగిన యింట రాత్రి పాటలతో కూర్చుందురు. మృతుని గూర్చి చచ్చెననక, ప్రభువునందు నిద్రించెనందురు. కొన్ని దినములకు ఆదరణ కూడిక జరుపుదురు. ఈస్టరు నాడు తెల్లవాఱకమునుపే దీపములు పట్టుకొని సమాధుల తోటకు బోయి, పూలు పెట్టి, పునరుత్థానపు పాటలు పాడుదురు. శ్మశానమనిన దడిసికొను దేశమున పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటికి పోవుట చిన్న మార్పు గాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు రాగతాళములతో రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున నున్నవి. చదువురాని ముదుసలి గూడ వానిని పదులకొలది కంఠస్థము చేసియుండును. సుఖమునకును అట్లే. ప్రతి పూటయు అన్నమునకు బియ్యము కొలుచునపుడు గృహిణి యొక పిడికెడు తీసి వేఱు కుండలో వేయును. ఆదివారమున దానిని గుడికి దెచ్చును. కోత పండుగనాడు తొలి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి యర్పించి, వానిని వేలము వేసి, ఆ సొమ్ము సంఘమున కిత్తురు. తనకే చాలని యింటిలో తీసిన పిడికెడు బియ్యము దాత్రినిగా జేసిన గౌరవము నా గృహిణికి మఱేదియు నిచ్చి యుండదు.

స్త్రీల విషయమున మఱియొక మాట. బైబిలు స్త్రీలని పిలువబడినవారు ఊరూరు తిరిగి బోధించుచుండిరి. వారిలో విధవలు పలువురు. విధవ యెదురువచ్చుటయే అశుభమని తలచు దేశమున, విధవయే పెండ్లియింట ప్రార్థన చేయుట, రోగి తలమీద చేయి వేయుట మాన్యత గల పని యయ్యెను. మాల మాదిగలలో మారుమనువు పూర్వమునుండియు గలదు గనుక, అందులకు మాత్రము మా సంఘములు గొప్ప చెప్పుకొనరాదు. కాని దుఃఖము పడినవారే దుఃఖమును తీర్చుటకు యోగ్యులను భావము అట్లు లోకమునకు వెల్లడియైనది.

సుఖము నందును సంస్కరణము కావలసియుండెను. భగేలా అప్పులలో అనేకము పెండ్లికి చేసినవే. మూడుదినముల సంతోషమునకు ముప్పదియేండ్ల దాస్యము. గుడిలో ఒక పూట జరుగు పెండ్లి, అందఱకును ఒకే భోజనము అను పద్ధతి ఆ సంకెలకు ఒక పోటు వేసినది. కాని నేడు మాలో వరకట్నము ప్రవేశించినది. పందిళ్లును, విందులును, నగలును పెరిగినవి. పెండ్లి కుమారుని చదువునుబట్టి వెల కట్టుచున్నారు. తాతలు ఏ యప్పునుండి విడిపింపబడిరో ఆ యప్పులోనికే మనుమలు సంతోషముతో దిగుచున్నారు. ఆడంబరము సంతోషము గాదని పూర్వులు మనకు నేర్పిరి, మనము మఱచితిమి.

రెండవ పని, అనగా దుఃఖకారణమును తొలగించుట, మా సంఘములవలన చాలినంత జరుగలేదని సిగ్గుతో నొప్పుకొనవలెను. బడులు పెట్టిరి, ఆసుపత్రులు కట్టిరి; అది మేలు. కాని వెట్టిని గూర్చి గుడిలో వినబడినది సహనమను మాటయే యెక్కువ. వెట్టికిని భగేలాకును ఎదురుతిరిగిన గొంతుకలు ఎక్కువగా వెలుపలినుండియే వచ్చినవి. 1922లో నల్లగొండలో వెలసిన నీలగిరి పత్రికయు, 1926లో పాలమూరు సీమవాడగు సురవరము ప్రతాపరెడ్డిగారు నెలకొల్పిన గోలకొండ పత్రికయు జనులను మేలుకొలిపినవి. 1930లో మొదలైన నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ వెట్టిని గర్హించెను. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా యొప్పందములను గూర్చి శాసనము చేసినను, పల్లెలలో అది కాగితముమీదనే యుండెను. 1946లో అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్చబడుటతో రైతుల తిరుగుబాటు రగిలి 1951వఱకు సాగెను. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము దేశమంతటికి 1976లో వచ్చెను. కత్తి యెత్తరాదను నియమము గొప్పదే. కాని కత్తి యెత్తనివాడు నోరును ఎత్తరాదని క్రీస్తు చెప్పలేదు. ప్రాచీనప్రవక్తలలో కొందఱు బీదవాని కూలి యెగగొట్టినవారిని గద్దించిరి. మా ప్రసంగములలో యోబు ఓర్పు వినబడినంతగా ఆమోసు గద్దింపు వినబడలేదు.

మా లోపలి దోషమును గలదు. ఊరివారు మమ్ము బావికి దూరముగా నుంచిరని దుఃఖించిన మేము, మాలలు మాదిగలు వేఱువేఱుగ కూర్చుండుటను గుడిలో చాలకాలము సహించితిమి. పెండ్లి సంబంధములలో నేటికిని సహించుచున్నాము. ఒక రొట్టెను విఱిచి తిన్నవారు ఒక యింట పిల్లనీయరు. ఇక రాజ్యమువారు పెట్టిన చిక్కు మఱియొకటి. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు క్రైస్తవుడైన మాలకును మాదిగకును ఆ హక్కు లేదన్నది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఇచ్చిన మినహాయింపు క్రైస్తవులకు రాలేదు. అందువలన తన బిడ్డ చదువుకొఱకు ఒక తండ్రి కాగితముమీద నొక మతమును, ఇంటిలో నొక మతమును ఉంచుకొనవలసి వచ్చుచున్నది. సంతోషముగా బాప్తిస్మము పొందినవాడు ఆ సంతోషమునే దాచుకొనవలసివచ్చుట యెంత దుఃఖమో చదువరులే యూహింపవచ్చును. గుడిలో సమానత్వము, ఆఫీసులో సత్యము అను రెండును ఒక్కమాఱు లభింపని కుటుంబములు మన నడుమ ననేకము.

పాలమూరు దుఃఖములలో నొకటి చెప్పక ముగింపరాదు. ఈ జిల్లానుండి మన్ను పనికిని, ఆనకట్టల పనికిని దేశమంతట వలసపోయిన కూలీలను పాలమూరు లేబరని పిలుతురు. గుంపు మేస్త్రీ బయానా యిచ్చి తీసికొనిపోవును. ముసలివారును, బడికి పోవు పిల్లలును ఇంట మిగులుదురు. పెద్ద ఆనకట్టలు కట్టిన చేతుల సొంత పొలములు బహుకాలము ఎండియే యుండినవి. వలసకాలమున పల్లెగుడిలో మగవారు కనబడరు, ముసలమ్మలు పాడుదురు. పండుగకు వారందఱు తిరిగి వచ్చిననాడు ఆ చిన్న గుడిలో వినబడు పాటను వినినవారు ఆనందమను మాటకు నిఘంటువు వెదకరు. అది సుఖములో పుట్టిన పాట గాదు. తిరిగి చేరుకొన్నామను పాట.

ఈ చరిత్రమునుండి మేము నేర్చుకొన్న దింత. దుఃఖము లేని స్థితియే సంతోషమని యెంచినచో, ఈ మెట్టనేలలో సంతోషించినవాడే యుండడు. దుఃఖమునందు ఒంటరి కాకుండుటయే సంతోషమునకు మొదటి మెట్టు. ఆ దుఃఖమునకు లోబడకుండుట రెండవ మెట్టు. మొదటి మెట్టును మా పూర్వులు పాటలతోను, పిడికెడు బియ్యముతోను, సమాధుల తోటలోని దీపములతోను ఎక్కి చూపిరి. రెండవ మెట్టు మా తరమువారికై మిగిలియున్నది. అందులకు క్రైస్తవుడనియు, హిందువనియు, మహమ్మదీయుడనియు భేదము లేదు. బావి ఒక్కటే, వాన ఒక్కటే, అప్పు ఒక్కటే.

కావున ఈ మాసపత్రికను చదువు కుటుంబములకు మేము చేయు విన్నపము చిన్నది. పొరుగింట ఏడ్పు వినబడినపుడు, అది యే కులపు టింటనైనను, ముందు లేచి వెళ్లి కూర్చుండుడు. కారణము నడుగకుడు, కర్మమని చెప్పకుడు. మఱునాడు మరల వెళ్లి, అప్పుడు కారణమును అడుగుడు. అది మీ చేత తీఱునదైనచో తీర్చుడు; మీ ఒక్కరివలన గాదేని ఊరివారిని పిలుచుకొని పొండు.